పెండిల్ హిల్ రెల్లు

నాగూర్ సాహెబుగారి నాదస్వరం పీకలన్నీ విమానాశ్రయంలోనే పోయాయని కేశవరావు ఫోనులో చెప్పినప్పుడు నేను "అయ్యో" అన్నాను. ఆ అయ్యోలో నిజం పాలు తక్కువ. లోపల నాకు కలిగింది ఊరట.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం, అక్టోబరు నెల. సిడ్నీకి పడమరన పెండిల్ హిల్‌లో, రెండు పడకగదుల ఇటుక ఇంట్లో అప్పటికి పన్నెండేళ్ళుగా ఒక్కణ్ణే ఉంటున్నాను. గ్రంథాలయ శాస్త్రం చదివినవాణ్ణి. ఒక బీమా కంపెనీలో, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే వాడిన చోటల్లా గుర్తించి జాబితా రాయడం నా ఉద్యోగం. శతాబ్దం మారే క్షణాన కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని ఊరంతా బెదురుతూ ఉంటే, ఆ బెదురు పుణ్యమా అని నాకు నిశ్శబ్దమైన, నిక్కచ్చి అయిన పని దొరికింది. ఇంట్లో కూడా వినిపించేవి మూడే చప్పుళ్ళు: కెటిలు, గోడగడియారం, పుట తిరగడం. ఎవరైనా నన్ను మనుషులంటే పడనివాడని అంటే కాదనను. పుస్తకాలంటే ఎక్కువ పడుతుందని మాత్రం సవరిస్తాను.

అలాంటి ఇంట్లో నాదస్వర విద్వాంసుణ్ణి మూడు నెలలు ఉంచుకోమని గుడి కమిటీ కార్యదర్శి కేశవరావు నన్ను ఒప్పించాడు. "మీరొక్కరే కదండీ, గది ఖాళీయే కదండీ" అన్నాడు. ఈ రెండు వాక్యాలకూ ఒంటరివాడి దగ్గర జవాబు ఉండదు. నాదస్వరం కప్పు కింద వాయించే వాద్యం కాదు. ఊరి చివర ఊదితే ఊరి మొదట వినిపించాలని పుట్టిన వాద్యం. దాని పీక, అంటే నోట్లో పెట్టుకుని ఊదే చిన్న రెల్లు ముక్క, లేకపోతే అది రెండున్నర అడుగుల కర్ర. కాబట్టి పీకలు పోయాయని వినగానే నా గోడలు నాకు దక్కాయనిపించింది.

పోవడానికి కారణం ఆయనే. విమానంలో ఇచ్చిన కాగితంలో "మీ దగ్గర మొక్కలకు సంబంధించినవేమైనా ఉన్నాయా" అన్న ప్రశ్న ఉంది. పక్క సీటువాడి చేత చదివించుకుని, అవునని రాయించాడు. దిగాక పెట్టె తనే తెరిచి, పద్నాలుగు పీకలనూ, వాటికి తోడు తెచ్చుకున్న ఎండు రెల్లు కట్టనూ బల్లమీద పరిచాడు. ఈ దేశం తన పొలాల్ని ఎలా కాపాడుకుంటుందో తెలిసినవాళ్ళకి తరువాత జరిగింది చెప్పనక్కర్లేదు: తెగుళ్ళ భయంతో అన్నీ లాగేసుకున్నారు.

"ఒక్కటైనా జేబులో వేసుకోవాల్సింది" అన్నాడు కేశవరావు, ఆయన్ని మా ఇంట్లో దింపుతూ.

"అడిగారు, చెప్పాను. దొంగపీకతో మంగళవాద్యం పలుకుతుందా అండీ?" అన్నాడు నాగూర్ సాహెబు. అరవై మూడేళ్ళవాడు. పల్నాటి మనిషి. సన్నగా, నిటారుగా, తెల్ల లుంగీలో ఆయనే ఒక వాద్యంలా ఉన్నాడు.

సిడ్నీలోనే మరొక గుడిలో ఊదే జాఫ్నా విద్వాంసుడొకరు పెద్దమనసుతో రెండు పీకలు ఇచ్చాడు. ఆయన వాద్యం పొట్టిది. ఆ పీకలు సాహెబు వాద్యానికి కుదరలేదు. టపాలో తెప్పిస్తే వాటికీ అదే గతి. అంతటితో సంగతి తేలిపోయిందని నేననుకున్నాను.

తెల్లవారగానే సాహెబు వెనక వరండాలో నమాజు చేసుకుని, చాప మీదే కూర్చుని, పట్టుగుడ్డలోంచి వాద్యం తీసి, ఊపిరి లేకుండా రెండు గంటలు సాధన చేసేవాడు. రంధ్రాల మీద వేళ్ళు పడే మెత్తని చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. ఇంత మర్యాద తెలిసిన అతిథి దొరకడమంటే అదృష్టమేనని నేను గది తలుపు వేసుకుని చదువుకునేవాణ్ణి.

పగలంతా ఏం చేస్తున్నాడా అనుకున్నాను. ఆయనకేం కొదవలేదు. స్టేషను దగ్గర, రోడ్డు దాటే చోట స్తంభానికి ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మొదట టిక్కు... టిక్కు... మని, దాటమన్నప్పుడు టకటకటకమని కొట్టుకుంటుంది. ఒక శనివారం సరుకులకని వెంట తీసుకువెళ్తే, ఆ మీట నొక్కి దాటకుండా నిలబడ్డాడు. దీపం ఆకుపచ్చయింది, ఎర్రనయింది. మళ్ళీ నొక్కాడు.

"దాటండి సాహెబుగారూ."

"ఉండండి చలపతిగారూ. చూశారా, విలంబంలో మొదలెట్టి ఒక్కసారిగా ద్రుతంలోకి దూకుతుంది. మధ్యలో మెట్టు లేదు. ఏ గురువు దగ్గర నేర్చుకుందో గానీ ధైర్యం ఉంది."

కార్లలోని వాళ్ళు మా ఇద్దరినీ చూస్తున్నారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని దాటించాను.

వరండా ఎదుట తీగె మీద వాలే నల్లతెల్ల మాగ్పై పిట్ట ఆయనకు మరొక ఇష్టం. "ఇది బిలహరి రాగంలో మొదలుపెట్టి ఎటో పోతుంది. ఎటు పోతుందో దానికీ తెలియదు. అయినా తిరిగొస్తుంది" అనేవాడు. కొబ్బరికోరులో దొర్లించిన లామింగ్టన్ కేకును టీలో ముంచి తినడం కనిపెట్టి, నా చేత కూడా తినిపించాడు. వీధిలో జకరండా చెట్లు పూచి ఊదారంగు నేలకు దిగగానే, చెప్పులు చేతబట్టుకుని ఆ పూల మీద నడిచాడు. ఇంగ్లీషు మాట రాదు; అయినా పక్కింటి మాల్టా ముసలమ్మ మూడో వారానికే ఆయనకు నిమ్మకాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. నాకు పన్నెండేళ్ళలో ఒక్క కాయ ఇచ్చిన పాపాన పోలేదు.

అక్టోబరు చివరి శనివారం మధ్యాహ్నం కేశవరావు వచ్చాడు. పెద్ద బ్యాంకులో ప్రాజెక్టు మేనేజరతను. ఆ ఏడాది ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళందరికీ ఒకటే మాట నాలుక మీద ఉండేది.

"కంటింజెన్సీ ఉండాలండీ. ఏ సిస్టమైనా ఫెయిలవచ్చు అనుకునే ప్లాన్ చెయ్యాలి. మా ఆఫీసులో జనరేటరుకు జనరేటరు పెట్టాం." టీ చప్పరించి అసలు సంగతికి వచ్చాడు. "డిసెంబరు పన్నెండు, ఆదివారం, స్వామి కల్యాణం. నాదస్వరం సీడీ ఒకటి సంపాదించాం. స్పీకర్లు బ్రహ్మాండంగా ఉంటాయి. సాహెబుగారు పట్టుపంచె కట్టుకుని, వాద్యం నోటికి ఆనించి, వేళ్ళు ఆడిస్తూ నిలబడితే చాలు. ఎవరికి తెలుస్తుందండీ?"

నాగూర్ సాహెబు కప్పు కింద పెట్టాడు.

"సెక్రటరీగారూ, మీ పెళ్ళికి మేళం పెట్టారా?"

"పెట్టకేం."

"ఎవరు ఊదారు?"

"ఏమో... గుర్తులేదండీ."

"ఊదినవాడు ఎవరికీ గుర్తుండడు. గుర్తుండక్కర్లేదు కూడా. ఊదకుండా నిలబడ్డవాడు మాత్రం తనకు తాను గుర్తుంటాడు, చచ్చేదాకా. మా ముత్తాత నుంచీ స్వామి పెళ్ళికి ఊదుతున్నాం. ఆయన ముందు ఉత్తుత్తి వేళ్ళు ఆడించమంటారా?"

"అది కాదండీ, మీ గౌరవం కోసమే..."

"ఇంకా ఆరు వారాలుంది. పీక నేను చేస్తాను."

"దేంతో?"

"ఈ దేశంలో నీళ్ళున్నాయా? నీళ్ళుంటే రెల్లుంటుంది."

వెళ్ళేముందు కేశవరావు నన్ను గుమ్మం దగ్గర పట్టుకున్నాడు. "మీరు నచ్చచెప్పండి సార్. ఒక్క స్వరం ఊదకుండా వెనక్కి వెళ్ళిపోతే ఆయనకే చిన్నతనం. సీడీ మాత్రం రెడీగా ఉంటుంది." మాట తప్పు కాదు. పీక చెయ్యడానికి రెల్లును నెలల తరబడి ఆరబెట్టాలని సాహెబే నాతో చెప్పి ఉన్నాడు. అది కూడా కావేరి గట్టున పెరిగే రెల్లు. నేను నచ్చచెబుతానన్నాను, చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకూ తెలియదు.

రెల్లు జాడ చెప్పినవాడు అప్పల్సామి. ఫిజీ తెలుగువాడు, ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టిన గొడవల తరువాత కుటుంబంతో ఇక్కడికి వచ్చి సిటీ బస్సు నడుపుతున్నాడు. కల్యాణంలో డోలు వాయించవలసింది అతనే. చెరకు తోటలకు కూలికి వెళ్ళిన ముత్తాతలు విశాఖ తీరం నుంచి పట్టుకెళ్ళిన తెలుగు, మధ్య మధ్య హిందీ కలిసి, అతని నోట చెక్కుచెదరకుండా ఉంది.

"ఏటి సాయిబుగారూ, గడ్డి కోసం ఇంత బెంగా? చెరుకు కొట్టిన వంశం మాది. కత్తి నాకాడుంది, చలో" అన్నాడు.

మా ఇంటికి రెండు మైళ్ళ దిగువన పిల్లవాగు ఒకటుంది. దాని ఒడ్డున మనిషెత్తు రెల్లు. ఆ పక్కనే అయిదేళ్ళుగా కారులో వెళ్తున్నా నేనెన్నడూ చూడలేదు. అప్పల్సామి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని దిగాడు.

"నేలని గట్టిగా తన్నుకుంటా రండి బావూ. పాములకి మీరు చదువుకున్నోరని తెల్దు."

నాగూర్ సాహెబు ప్రతి కాడనూ వంచి చూసి, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. నూరు చూస్తే మూడు కోయించాడు. కుక్కను తిప్పుతున్న ఒకావిడ ఆగి, చేపలు పడుతున్నారా అని అడిగింది. "నో మేడం, మ్యూజిక్" అన్నాడు అప్పల్సామి. ఆవిడ కుక్కను దగ్గరకు లాక్కుంది.

ఆ తరువాత ఇల్లు నా చేతిలో లేదు. సాహెబు నా పెద్ద గిన్నెలో గంజి కాచి కాడలు ఉడికించాడు. ఎండబెట్టడానికి నెలలు లేవు కనుక, నా కారు వెనక అద్దం కింద వాటిని వరసగా పేర్చాడు. స్టేషను దగ్గర నీడ దొరికినా ఎండలోనే నిలపాలని నాకు ఆజ్ఞ. సాయంత్రం తలుపు తెరిస్తే వరిగడ్డి వాము తీసినట్టు వెచ్చని వాసన గుప్పుమనేది. నేను ఊరుకోలేక ప్రతి కాడకూ ఒక చీటీ కట్టాను: సంఖ్య, కోసిన తేదీ, చోటు, ఎండిన గంటలు. సంవత్సరం నాలుగంకెల్లో.

"మీ దగ్గర గడ్డికి కూడా జాతకం ఉంటుందన్నమాట" అని నవ్వాడాయన.

మొదటి పదకొండు పీకలూ చీలిపోయాయి. కాడను నొక్కి చదును చేసి, ఇత్తడి గొట్టానికి నూలుదారంతో చుట్టి, కత్తితో అంచు గీసేదాకా బాగానే ఉండేది. నోట్లో తడిపి ఊదగానే నిలువునా విచ్చుకునేది. ప్రతిసారీ దాన్ని వెలుతురుకు పెట్టి, చీలిక ఎక్కడ మొదలైందో చూసి, "కణుపుకు దగ్గరగా కోశాను" అనో, "గంజి ఎక్కువైంది" అనో తనలో తాను చెప్పుకుని మరొక కాడ తీసుకునేవాడు. విసుగు లేదు, నిట్టూర్పు లేదు. నేను పుస్తకంలో రాసుకునేవాణ్ణి. పన్నెండోది, పదమూడోది, పద్దెనిమిదోది. కోసిన చోటు మార్చితే మేలని ఇరవయ్యో పీక దగ్గర నా చీటీలే చెప్పాయి: నీళ్ళలోవి కాక, గట్టు మీద పొడినేలలో పెరిగిన కాడలే ఎక్కువసేపు నిలిచాయి. అది చూపించినప్పుడు ఆయన చాలాసేపు కాగితాన్ని పట్టుకుని, చదవడం రాకపోయినా పైనుంచి కిందికి చూసి, "పదండి, గట్టు మీదికే" అన్నాడు.

నవంబరు చివరి ఆదివారం ఉదయం ఏడు గంటలకు మా వరండాలో ఒక శబ్దం పుట్టింది. బొంగురుగా లేచి, తడబడి, నిలదొక్కుకుని, షడ్జమం మీద నిలిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. తీగె మీది మాగ్పై ఎగిరిపోయింది. నా చేతిలో పుస్తకం ఉంది. ఏ పుటలో ఉన్నానో ఈనాటికీ గుర్తులేదు.

కంచె మీదుగా మాల్టా ముసలమ్మ తల కనిపించింది. మీ ఫ్రెండ్ బాతును తెచ్చుకున్నాడా అని నన్ను అడిగింది. కాదు, రెల్లుగడ్డి అన్నాను. గుడ్లు పెడితే చెప్పమంది ఆవిడ.

ఆ రోజు టీ తాగుతూ నేను ఆయనకు చెప్పేశాను. "సాహెబుగారూ, మీ పీకలు పోయాయని విన్న రోజు నేను సంతోషించాను."

"తెలుసండీ."

"ఎలా?"

"మీరు తలుపు వేసుకునే తీరులో తెలిసింది. ఇప్పుడు మీరు తలుపు వెయ్యడం మానేశారు. అదీ తెలిసింది." లామింగ్టన్ రెండో ముక్క నా పళ్ళెంలో పెట్టి, కత్తి పదును పెట్టుకోవడానికి లేచాడు.

డిసెంబరు వచ్చేసరికి నలభై పైచిలుకు పీకల్లో నిలిచినవి రెండే: ఇరవై ఏడు, ముప్పై ఒకటి. కల్యాణానికి నాలుగు రోజుల ముందు రంజాను మాసం మొదలైంది. వేసవి పగలు, పొద్దుగుంకేసరికి ఎనిమిది. ప్రయాణంలో ఉన్నవాడికి ఉపవాసం నుంచి సడలింపు ఉందని ఎక్కడో చదివింది చెప్పాను.

"ప్రయాణంలో ఉంటేగా? నేను మీ ఇంట్లో ఉన్నాను" అన్నాడు.

తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి ఉప్మా చేశాను. నాలుగు రోజులూ చేశాను. మొదటిరోజు ఉప్పు మరిచిపోయాను. ఆయన మూడో ముద్ద దాకా తిని, అప్పుడు ఉప్పు అడిగాడు.

పన్నెండో తేదీ హాలులో మూడు వందల మంది. వేదిక మీద స్వామి, అమ్మవార్లు. ఎడమవైపు చాప మీద నాగూర్ సాహెబు, పక్కన డోలుతో అప్పల్సామి. కుడివైపు బల్ల మీద సీడీ యంత్రం. దాని దగ్గర నన్ను కూర్చోబెట్టాడు కేశవరావు. "మీరు నిక్కచ్చి మనిషి సార్. నేను చెయ్యి ఎత్తగానే నొక్కండి. ఒక్క సెకను కూడా గ్యాప్ రాకూడదు. కంటింజెన్సీ."

ఇరవై ఏడో పీక తొమ్మిదింటికి మొదలై రెండు గంటలు పలికింది. కావేరి పీక తీయదనం దానికి లేదు. మంద్రంగా, కాస్త గరుకుగా ఉంది. జలుబు చేసిన పెద్దమనిషి మాట్లాడినట్టు. సాహెబు దాన్ని తీయగా పలకమని బలవంతపెట్టలేదు. అది ఎలా పలుకుతుందో అలాగే ఆనందభైరవి నడిపించాడు. ముందు వరసలో ఫిజీ ముసలమ్మలు తలలు ఊపుతున్నారు. వెనక ఆడుకుంటున్న పిల్లలు ఎప్పుడు కూర్చున్నారో కూర్చున్నారు. కేశవరావు ఒకసారి నావైపు చూసి బొటనవేలు ఎత్తాడు.

అర్చకస్వామి మంగళసూత్రం రెండు చేతులతో పైకెత్తారు. "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. అప్పల్సామి డోలు మీద రెండు చేతులూ ఒక్కసారిగా కురిపించాడు. నాగూర్ సాహెబు బుగ్గలు నింపి పైషడ్జమానికి ఊదాడు. గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు, ఆ పైన గాలి.

డోలు ఒక్కటే మోగుతోంది. అదీ ఆగింది.

కేశవరావు చెయ్యి ఎత్తాడు.

నా వేలు మీట మీదే ఉంది. చాప మీద నాగూర్ సాహెబు చీలిన పీకను తీసి పక్కన పెట్టి, ముప్పై ఒకటిని నోట్లో పెట్టుకున్నాడు. నోటి తడితో నెమ్మదిగా నాననిదే అది పలకదు; నీళ్ళలో ముంచితే చీలుతుంది. పొద్దు పొడవకముందు తాగిన నీళ్ళే తప్ప ఆయన నోట ఇంకేమీ పడలేదు. కేశవరావు మళ్ళీ చెయ్యి ఎత్తాడు, ఈసారి గట్టిగా. నేను వేలు తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"సార్!" అన్నాడు హాలు చివరినుంచి. నేను అటు చూడలేదు.

కమిటీ కుర్రాడొకడు గ్లాసుతో నీళ్ళు తెచ్చి సాహెబు ముందు వంగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. కుర్రాడికి అర్థం కాక గ్లాసు ఇంకా ముందుకు జరిపాడు.

"ఒక్కపొద్దులో ఉన్నాడ్రా, ఉండు!" అని అప్పల్సామి గదమాయించాడు. ఆ మాట మైకులో పడి హాలంతా వినిపించింది.

ముందు వరస ముసలమ్మల్లో ఒకరు "అయ్యో తండ్రీ" అన్నారు. పక్కావిడ, "పొద్దుటేల నుంచీ అలాగే ఊదినాడా?" అంది. గుసగుస వెనక వరసలకు పాకింది, అక్కడ ఇంగ్లీషులోకి మారింది, పిల్లల దాకా వెళ్ళి ఆగింది.

అర్చకస్వామి చిన్నవాడు, ముప్పై ఏళ్ళు ఉండవు. ఎత్తిన చేతులు అలాగే ఉంచి, ఎదుటి గోడగడియారం చూశారు. ముహూర్తం పదకొండూ ఇరవై దాకా ఉంది. పదకొండూ పద్నాలుగయింది. ఆయన నాగూర్ సాహెబు వైపు తిరిగి, "తొందరలేదు, కానివ్వండి" అన్నారు.

నాగూర్ సాహెబు కళ్ళు మూసుకున్నాడు. ఎండిన నోట్లో పీక అటూ ఇటూ కదులుతుంటే బుగ్గ మీద చిన్న గుబ్బ జరుగుతోంది. మూడు వందల మందీ ఆ బుగ్గనే చూస్తున్నారు. పదహారయింది. అర్చకస్వామి మోచేతులు సన్నగా వణుకుతున్నాయి, కిందికి మాత్రం దిగలేదు. కేశవరావు ఎప్పుడు వచ్చాడో నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చెయ్యి చాచి మీట దాకా తెచ్చి, తనే వెనక్కి తీసుకున్నాడు. పదిహేడయింది.

సాహెబు పీకను బయటికి తీసి, వేళ్ళ మధ్య అంచు నొక్కి చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొంచెం. అప్పల్సామి అరచేతులు డోలుకు అంగుళం పైన ఆగి ఉన్నాయి.

పద్దెనిమిదికి ఆయన పీకను వాద్యానికి బిగించి, కళ్ళు తెరిచి, ఊదాడు. స్వరం గరుకుగా లేచి, పైషడ్జమం చేరి, అక్కడ నిలబడింది. అది నిలబడిందని తెలిశాకే అర్చకస్వామి చేతులు దించి, మొదటి ముడి వేశారు.